అప్‌డేట్: ఔట్‌డోర్ యూనిట్ స్టార్ట్ కాని ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ – లోపం కేబుల్ జాయింట్‌లో దొరికింది

ఇల్లు మారి ఏసీని మళ్లీ బిగించాక ఇండోర్ ఫ్యాన్ తిరుగుతున్నా ఔట్‌డోర్ యూనిట్ కదలడం లేదని, కాసేపటికి కమ్యూనికేషన్ ఎర్రర్ (రెండు యూనిట్ల మధ్య సమాచారం అందడం లేదనే హెచ్చరిక) వస్తోందని ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ ధన్యవాదాలు. రెండు యూనిట్ల మధ్య కేబుల్‌ను చివరి నుంచి చివరి వరకు పరీక్షించమన్న సలహాయే సరైనదని తేలింది.

టెర్మినళ్ల దగ్గర రంగులు, నంబర్లు రెండు వైపులా సరిపోయాయి, ఔట్‌డోర్‌లో మీటరు 230 వోల్టులు చూపింది. అందుకే నేను పీసీబీ (యూనిట్‌ను నడిపే సర్క్యూట్ బోర్డు) పోయిందనుకుని కొత్తదానికి ఆర్డర్ పెట్టబోయాను. పిలిపించిన టెక్నీషియన్ ఎంసీబీ (ఏసీకి కరెంటు ఇచ్చే బ్రేకర్ స్విచ్) ఆపి, రెండు చివరలా వైర్లు విప్పి, ఒక్కొక్క వైరుకు కంటిన్యుటీ (ఈ చివర వైరు అవతల ఏ వైరుతో కలిసి ఉందో) చూడగా, ఔట్‌డోర్‌లోని బ్రౌన్ వైరు ఇండోర్‌లో నీలం వైరుగా తేలింది. పొడవు చాలక బిగించినవారు గోడ రంధ్రంలో జాయింట్ వేసి, అక్కడ ఫేజ్ (బ్రౌన్), న్యూట్రల్ (నీలం) తారుమారు చేశారు. మా మోడల్‌లో రెండు యూనిట్ల మధ్య సమాచారం మోసే సిగ్నల్ వైరు న్యూట్రల్‌ను ఆధారం చేసుకుని పనిచేస్తుంది కాబట్టి, కరెంటు అందినా రెండు బోర్డులూ మాట్లాడుకోలేకపోయాయి.

జాయింట్ లేని కొత్త నాలుగు కోర్ల రాగి కేబుల్ వేశాక, ఆన్ చేసిన సుమారు మూడు నిమిషాలకు కంప్రెసర్ మొదలైంది. గ్యాస్‌కు, స్టెబిలైజర్‌కు దీనితో సంబంధమే లేదు. గ్యాస్ నింపించడానికి ఖర్చు పెట్టనందుకు మాత్రం సంతోషం. వారం రోజులుగా ఎర్రర్ రాలేదు.