సైటుకు తోడుగా చర్చావేదిక: ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి?

దుర్బిణి (ప్రశ్న)

నమస్కారం. టెలిస్కోపుల గురించి, రాత్రి ఆకాశ పరిశీలన గురించి వ్యాసాలు ఉండే సైటు ఒకటి నడుపుతున్నాను. పాఠకుల సందేహాలన్నీ ఇప్పుడు నా ఈమెయిలుకే వస్తున్నాయి. ఒకరికి రాసిన జవాబునే మరొకరికి మళ్లీ రాయవలసి వస్తోంది, పైగా అవి నా మెయిల్ పెట్టె దాటి బయటి వారికి కనిపించవు. అందువల్ల సైటుకు అనుబంధంగా చర్చావేదిక పెట్టాలనుకుంటున్నాను.

సైటు వర్డ్‌ప్రెస్ మీద, మామూలు షేర్డ్ హోస్టింగ్‌లో (ఒకే సర్వర్‌ను ఎన్నో సైట్లు పంచుకునే పథకంలో) ఉంది. ఫైళ్లు ఎక్కించడం, డేటాబేస్ బ్యాకప్ తీసుకోవడం వంటి పనులు చేసుకోగలను గాని ప్రోగ్రామింగ్ రాదు. వేదిక చూసుకోవడానికి కూడా నేనొక్కడినే ఉంటాను. డిస్కోర్స్, పీహెచ్‌పీబీబీ, ఫ్లారమ్, బీబీప్రెస్ అనే నాలుగు పేర్లు నా దృష్టికి వచ్చాయి. వీటిలో దేనితో మొదలుపెడితే తర్వాత చిక్కులు తక్కువగా ఉంటాయో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సర్వర్‌గది

దుర్బిణి గారూ, మీ ప్రశ్నకు సగం జవాబు మీ హోస్టింగే చెబుతోంది. డిస్కోర్స్ రూబీ ఆన్ రెయిల్స్ అనే ప్రోగ్రామింగ్ చట్రంతో రాసినది. దానికి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, రెడిస్ అనే రెండు డేటా నిల్వ సాఫ్ట్‌వేర్లూ కావాలి, అధికారికంగా సూచించే స్థాపన పద్ధతి డాకర్ (సాఫ్ట్‌వేర్‌ను దానికి కావలసినవాటితో కలిపి ఒక పొట్లంగా నడిపే సాధనం) ద్వారానే. కనీసం 1 జీబీ మెమరీ ఉన్న సొంత వీపీఎస్ (మీకే కేటాయించిన వర్చువల్ సర్వర్) లేనిదే అది నడవదు కనుక షేర్డ్ హోస్టింగ్‌లో దాని మాటే ఎత్తనవసరం లేదు. వీపీఎస్ తీసుకున్నారంటే ఆపరేటింగ్ సిస్టమ్ భద్రతా నవీకరణలు మొదలుకొని డిస్కు నిండిపోకుండా చూసుకోవడం వరకు అన్నీ మీ నెత్తినే పడతాయి.

పీహెచ్‌పీబీబీ 2000 నుంచి ఉన్నది. పీహెచ్‌పీ భాష, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ ఉంటే చాలు, మీ దగ్గర ఆ రెండూ ఉన్నాయి. రూపం పాతకాలపుది అని చాలామంది పెదవి విరుస్తారు. నిజమే, కానీ విభాగాల వారీ అనుమతులు, టపాలను ఆమోదించే వరుస, సభ్యుల బృందాలు వంటి యంత్రాంగం దానిలో ఎంత లోతుగా ఉందో వాడితేనే తెలుస్తుంది. ఫ్లారమ్ చూడటానికి తేలికగా, అందంగా ఉంటుంది. అదీ పీహెచ్‌పీదే. అయితే దాని పొడిగింపులను (అదనపు సదుపాయాలిచ్చే భాగాలను) చేర్చడానికి సాధారణంగా కంపోజర్ అనే సాధనాన్ని కమాండ్ లైన్ నుంచి నడపాలి, చాలా షేర్డ్ హోస్టింగ్ పథకాల్లో ఆ సౌకర్యం ఉండదు. పైగా మనం మామూలుగా ఆశించే సదుపాయాలు కొన్ని దానిలో పొడిగింపులుగానే వస్తాయి.

బీబీప్రెస్ వర్డ్‌ప్రెస్ ప్లగిన్, అంటే ఉన్న సైటులోనే చేర్చుకునే భాగం. సైటులో ఉన్న ఖాతాతోనే సభ్యులు లోపలికి రావచ్చు, ఇది చిన్న లాభమేమీ కాదు. కానీ చర్చలు, జవాబులు అన్నీ మీ వ్యాసాలు ఉండే పట్టికలోనే చేరతాయి కాబట్టి వేదిక పెరిగేకొద్దీ సైటు బరువెక్కుతుంది. పాత చర్చలను వెతికి పట్టుకోవడం కూడా కష్టమే. నన్నడిగితే మీ పరిస్థితికి పీహెచ్‌పీబీబీ సరైనది.

పాతసభ్యుడు

పై సలహాలో సాంకేతిక విషయాలన్నీ సరిగానే ఉన్నాయి గాని, హోస్టింగ్‌ను బట్టి సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోవడం నాకు నచ్చని పద్ధతి. వేదికలు మూతపడేది సర్వర్ చాలక కంటే నిర్వాహకుడి ఓపిక చాలకే ఎక్కువ. ఒక్కరే చూసుకోవలసిన చోట ఆ భారాన్ని ఏది తగ్గిస్తుందన్నదే మొదట అడగవలసిన ప్రశ్న.

ఆ విషయంలో డిస్కోర్స్ చాలా ముందుంది. దానిలో 0 నుంచి 4 వరకు నమ్మక స్థాయులు ఉంటాయి. కొత్తగా చేరినవారికి లింకులు, బొమ్మలు పెట్టడంలో పరిమితులు ఉంటాయి, చదువుతూ పాల్గొంటూ ఉన్నకొద్దీ ఆ పరిమితులు వాటంతటవే సడలుతాయి, చివరి స్థాయి మాత్రం నిర్వాహకులు ఇవ్వాలి. సభ్యులు కొందరు ఒక టపాను అభ్యంతరకరమని సూచిస్తే నిర్వాహకుడు నిద్రలో ఉన్నా అది కనుమరుగవుతుంది. ఈమెయిల్ నుంచే జవాబు రాసే ఏర్పాటు కూడా చేసుకోవచ్చు. ఇన్నాళ్లూ మీకు మెయిల్ రాయడానికే అలవాటుపడిన పాఠకులకు ఇది ఎంత అనుకూలమో ఆలోచించండి. సర్వర్ పని మీ వల్ల కాకపోతే నెలవారీ రుసుము తీసుకుని దానిని నడిపిపెట్టే సేవలు ఉన్నాయి.

పీహెచ్‌పీబీబీయే అనుకుంటే స్పామ్ సంగతి ముందే తెలుసుకోండి. అది ఎంత ప్రాచుర్యం పొందిందో, దాని నమోదు పుట కోసం వెతుకుతూ తిరిగే బాట్లూ (స్వయంచాలక ప్రోగ్రాములు) అంత ఎక్కువ. మామూలు క్యాప్చాను (మనిషో యంత్రమో తేల్చే పరీక్షను) తీసేసి, మీ విషయం తెలిసినవారు మాత్రమే చెప్పగల ప్రశ్న ఒకటి పెట్టండి. ఉదాహరణకు, పరావర్తన టెలిస్కోపులో కాంతిని సేకరించే ప్రధాన భాగం ఏది అని అడగవచ్చు. కొత్త సభ్యుల మొదటి టపాలు మీ ఆమోదం తర్వాతే కనిపించేలా కూడా అమర్చండి.

ఏ సాఫ్ట్‌వేర్ అయినా నమోదు ధ్రువీకరణ మెయిళ్లు సభ్యులకు చేరకపోతే వేదిక మొదలుకాదు. షేర్డ్ హోస్టింగ్ నుంచి వెళ్లే మెయిళ్లు తరచూ స్పామ్ పెట్టెలో పడతాయి. మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని తెలిపే ఎస్‌పీఎఫ్, డీకిమ్ నమోదులు డొమైన్‌కు పెట్టి, వీలైతే ప్రత్యేక ఎస్‌ఎంటీపీ (మెయిల్ పంపే) సేవ ద్వారా పంపండి.

వలసదారు

ఇద్దరూ లోపలికి ఎలా వెళ్లాలో చెప్పారు, బయటికి వచ్చే దారి కూడా ఇప్పుడే చూసుకోవాలి. వేదికలో పోగయ్యే చర్చలు సాఫ్ట్‌వేర్ కంటే ఎక్కువ కాలం బతుకుతాయి. ఒకప్పుడు పెద్ద వేదికలన్నిటికీ వీబులెటిన్ అనే సాఫ్ట్‌వేర్ దాదాపు పర్యాయపదంగా ఉండేది. దానిని తయారుచేసిన వారిలో కొందరు బయటికి వచ్చి 2010లో జెన్‌ఫోరో అనే మరో వేదిక సాఫ్ట్‌వేర్ తెచ్చాక ఎన్నో వేదికలు అటు తరలిపోయాయి.

ఈ దృష్టితో చూస్తే పీహెచ్‌పీబీబీతో మొదలుపెట్టడంలో పెద్ద ప్రమాదం లేదు. అది జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు కింద ఉచితంగా లభిస్తుంది, డేటాబేస్ మీ చేతిలోనే ఉంటుంది, దాని నుంచి డిస్కోర్స్‌లోకి చర్చలను తరలించే స్క్రిప్టులు ఇప్పటికే ఉన్నాయి. అయితే తరలింపు తర్వాత సభ్యులు సంకేతపదాలను కొత్తగా పెట్టుకోవలసి రావచ్చు, ఎందుకంటే డేటాబేస్‌లో ఉండేవి వాటి హ్యాష్‌లే (సంకేతపదం నుంచి లెక్కించిన, వెనక్కి తిప్పలేని రూపాలే), వాటిని లెక్కించే పద్ధతి సాఫ్ట్‌వేర్‌ను బట్టి మారుతుంది. పాత లింకులు కొత్త చిరునామాలకు 301 దారిమళ్లింపుతో (చిరునామా శాశ్వతంగా మారిందని చెప్పే సంకేతంతో) వెళ్లే ఏర్పాటు కూడా చేయాలి, లేకపోతే సెర్చ్ ఇంజిన్ల నుంచి వచ్చేవారికి ఖాళీ పుట ఎదురవుతుంది. వేదికను ప్రధాన సైటు సంచిలో (ఫోల్డర్‌లో) కాకుండా ఉపడొమైన్‌లో (సైటు పేరు ముందు మరో పేరు చేర్చిన చిరునామాలో) పెడితే, రేపు దానిని వేరే సర్వర్‌కు మార్చవలసి వచ్చినా వ్యాసాల జోలికి పోనక్కర్లేదు.

రుసుము తీసుకునే సేవలోకి వెళ్లేటట్లయితే, పూర్తి బ్యాకప్‌ను మనంతట మనమే దింపుకునే వీలుందా అని ముందే రాతపూర్వకంగా అడగండి.

దుర్బిణి

అందరికీ ధన్యవాదాలు. ప్రస్తుతానికి ఉపడొమైన్‌లో పీహెచ్‌పీబీబీ పెడతాను. ఇంకొక్క సందేహం. మా పాఠకులు చంద్రుడివి, గ్రహాలవి పెద్ద పెద్ద ఫొటోలు పంపుతుంటారు. వాటిని వేదికలోనే ఉంచుకోనివ్వవచ్చునా? విభాగాలు ఎన్ని పెట్టాలి?

సర్వర్‌గది

ఉంచుకోనివ్వండి. బయటి సైట్లలో పెట్టి లింకు ఇమ్మంటే కొన్నేళ్లకు ఆ లింకులు చచ్చిపోయి, బొమ్మ లేని వివరణ మాత్రమే మిగులుతుంది. కాకపోతే పీహెచ్‌పీలో ఒక ఫైలుకు స్వతస్సిద్ధంగా ఉండే పరిమితి 2 ఎంబీయే. హోస్టింగ్ ప్యానెల్‌లో దానిని కొంత పెంచి, పీహెచ్‌పీబీబీ అమరికల్లో బొమ్మ కొలతలకు ఒక హద్దు పెట్టి, చిన్న నమూనా చిత్రం తయారయ్యేలా చేయండి. ఇలా ఎక్కించిన ఫైళ్లు డేటాబేస్‌లోకి వెళ్లవు, ఫైల్స్ అనే సంచిలో అర్థంకాని పేర్లతో ఉంటాయి. ఏ ఫైలు ఏ టపాదో చెప్పేది డేటాబేసే. రెండింటినీ ఒకే సమయంలో బ్యాకప్ తీయకపోతే ఒకటి ఉండి కూడా ప్రయోజనం ఉండదు.

విభాగాలు రెండు చాలు, పరికరాలకు ఒకటి, పరిశీలనలకు ఒకటి. మొదటి రోజునే పది విభాగాలు తెరిస్తే అన్నీ ఖాళీగా కనిపించి, వచ్చినవారు ఏమీ రాయకుండా వెళ్లిపోతారు. మీ మెయిల్ పెట్టెలో ఉన్న పాత జవాబులలో తరచుగా అడిగినవాటిని, అడిగినవారి పేర్లు లేకుండా, ముందుగానే టపాలుగా పెట్టి అప్పుడు వేదికను తెరవండి.