రాయబారం సీనులో కృష్ణుడికి పక్కనుంచి పద్యం పాడించాలంటే ఎట్టా?

రంగస్థలం_కావలి:
అన్నలకు నమస్కారం. మా ఊరి తిరునాళ్లకు శ్రీకృష్ణ రాయబారం వేస్తున్నాం. కృష్ణుడి వేషానికి పెట్టుకున్నవాడికి రూపం ఉంది, వచనం కంచు మోగినట్టు చెప్తాడు. శ్రుతి మాత్రం నిలవదు, పై షడ్జమం (పై స) దగ్గరికి పోతే గొంతు జారిపోతుంది. బాగా పాడే ఆయన ఒకరున్నారు గానీ వేషం కట్టనంటున్నారు. ఆయన పక్కనుంచి పాడితే, మావాడు అభినయం పడితే కుదురుతుందా? మైకులు ఎట్టా పెట్టాలి? ముందే రికార్డు చేసుకుంటే మేలా? చేతిలో 20 రోజులున్నాయి.

హార్మోనియం_పొదిలి:
కుదురుతుంది తమ్ముడూ. కానీ పెదాలు కదిపితే చాలనుకుంటే మొదటి పద్యానికే దొరికిపోతాడు. ముందు వరసలో కూచున్నవాళ్లు చూసేది గొంతుని. రాగం తీసేటప్పుడు మెడ నరం బిగుస్తుంది, దవడ దిగుతుంది, పాదం చివరికొచ్చేసరికి పొట్ట లోపలికి పోతుంది. ఉత్తినే నోరు తెరిస్తే ఇవేవీ రావు. అందుకని మీవాడు నిజంగానే పాడాలి, తన మైకు ఆపేసి, లోగొంతుతో. శ్రుతి తప్పినా ఎవరికీ వినపడదు, ఒంట్లో కష్టం మాత్రం కనపడుతుంది.

ముందు పద్యాలన్నీ పెద్దక్షరాలతో రాసి, ఊపిరి తీసే ప్రతి చోటా నిలువు గీత పెట్టండి. ఆ గీతలు గాయకుడివి, వేషగాడు వాటికి కట్టుబడాలి. ఉత్పలమాలకు 10వ అక్షరం, చంపకమాలకు 11వ అక్షరం యతిస్థానం కదా అని అక్కడ విరిచేవాళ్లున్నారు. అది తప్పు. యతి చాలాసార్లు సమాసం నడుమ పడుతుంది, అక్కడ ఊపిరి తీస్తే మాట విరిగిపోతుంది. అర్థం ఎక్కడ ఆగితే ఊపిరి అక్కడే. సీసానికి ఇంకా జాగ్రత్త కావాలి. నాలుగు పెద్ద పాదాలు అయిపోయి దాని కిందొచ్చే గీతపద్యం ఎత్తుకునే చోట గాయకుడు ఎంతసేపు ఆగుతాడో లెక్క ఉండాలి, లేకపోతే మీవాడు ముందే నోరు తెరుస్తాడు.

అసలు గొడవంతా నాలుగో పాదం చివర వస్తుంది. గాయకుడికి ఊపొచ్చి ఇంకో సంగతి, అంటే రాగంలో ఇంకో మెలిక, వేస్తాడు. వేషగాడు అప్పటికే నోరు మూసి చెయ్యి దించేసి ఉంటాడు, రాగం మాత్రం పోతూనే ఉంటుంది. ఆలాపన ఎంత పొడవో ముందే ఖాయం చేసుకోండి. అయినా నమ్మకం లేదనుకుంటే ఆ చివరి రాగానికి వేషగాడు ఉత్తరీయం సర్దుకుంటూ దుర్యోధనుడి వైపు తిరిగేట్టు కదలిక పెట్టండి. ముఖం జనానికి పక్కకు ఉంటే ఒకటి రెండు సంగతులు ఎక్కువైనా తెలీదు.

ఇక శ్రుతి. మీవాడు వచనం కిందిస్థాయిలో చెప్పి ఆపగానే పద్యం 5 శ్రుతిలో, అంటే బాగా పై స్థాయిలో, లేస్తే ఇద్దరు మనుషులని పసిపిల్లవాడు కూడా చెప్తాడు. గాయకుడికి సుఖంగా ఉన్నంతవరకు శ్రుతి దించండి, వచనంలో చివరి వాక్యాన్ని వేషగాడు కాస్త పైకెత్తి చెప్పాలి. ఆ రెంటికీ నడుమ హార్మోనియం రెండు మూడు క్షణాలు షడ్జమం పట్టుకుంటే అతుకు కనపడదు.

సౌండ్_కోవూరు:
గాయకుణ్ణి తెర వెనక దాచొద్దండీ. వేషగాడు కనపడకపోతే పద్యం ఎప్పుడు ఎత్తుకోవాలో గాయకుడికి అందదు. హార్మోనియం పక్కనే, వింగు (స్టేజీ పక్క తెర) అంచున కూచోపెట్టండి. మైకు నోటికి 3 అంగుళాల్లో ఉండాలి, దానికి స్పాంజి తొడుగు తప్పనిసరి, మీ వైపు రాత్రి గాలి ఎక్కువ.

వేషగాడికి కాలర్ మైకు ఉంటే దాని సౌండు పద్యం ముందు దించాలి, పద్యం అవ్వగానే ఎత్తాలి. సెట్టు కుర్రాడికి పద్యాలు తెలీవు, కాబట్టి స్క్రిప్టు పట్టుకుని మీ మనిషి ఒకరు మిక్సరు దగ్గర నిలబడాలి. పైనుంచి వేలాడే మైకులైతే ఆ లోగొంతు కూడా అందుకుంటాయి. పద్యానికి మైకు కింద నిలబడకుండా రెండడుగులు తప్పుకోమనండి.

పెద్ద బాక్సులు 60 అడుగుల దూరంలో పెట్టారనుకోండి. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది, అంటే అక్కణ్ణుంచి వేషగాడి చెవికి చేరేసరికి సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యం. దాన్ని విని పెదవి కలిపితే ఎప్పుడూ వెనకే ఉంటాడు. స్టేజీ అంచున చిన్న బాక్సు ఒకటి అతని వైపు పెట్టి, గాయకుడూ హార్మోనియమూ మాత్రమే అందులోకి పంపండి. ఆ బాక్సు గాయకుడి మైకుకేసి చూసిందంటే కూత పెడుతుంది.

తిరునాళ్లలో సెట్టు వాళ్లు అలవాటుగా ఎకో పెడతారు. పూర్తిగా తీయించండి. పద్యం ఆగాక కూడా తోక మోగుతుంటే, నోరు మూసుకున్న కృష్ణుడు పాడుతున్నట్టుంటుంది. రెండు మైకులకూ బేసు, ట్రెబులు గొంతులు దగ్గరగా వినపడేట్టు ముందే సరిచూసుకోవాలి.

రికార్డు నా మటుకు వద్దు. వేషగాడు ఒక్క ఊపిరి ఆలస్యమైతే రికార్డు ఆగదు, మనిషైతే ఆగుతాడు. తప్పదంటే ఒక్కో పద్యం ఒక్కో ఫైలు, వరస అంకెలు, మొదట్లో ఖాళీ లేకుండా కత్తిరించి, వైరుతోనే ఇవ్వండి. బ్లూటూత్ వద్దు. ఫోను ఫ్లైట్ మోడులో ఉండాలి, లేకపోతే నిండుసభలో రింగుటోను మోగుతుంది.

పద్యప్రియ_ఒంగోలు:
దాచడం ఎందుకని నా ప్రశ్న. కథకళిలో ఇద్దరు గాయకులు నటుల వెనక నిలబడే పాడతారు. కన్నడ యక్షగానంలో పాట భాగవతుడిది, మాట వేషధారిది. కూచిపూడిలో ఒకప్పుడు వేషం కట్టినవాళ్లే పాడేవాళ్లు, ఇప్పుడు గాయకులు పక్కన కూచుంటున్నారు, ఎవరూ తప్పుపట్టలేదు. సినిమాలో ఎన్టీఆర్‌కు ఘంటసాల పద్యాలు పాడితే మనం కృష్ణుడే పాడాడనుకున్నాం.

కాకపోతే పద్యనాటకానికి జనం వచ్చేదే గొంతు కోసం. ఆ వేషానికి పేరుపడ్డ పీసపాటి, షణ్ముఖి వారి కృష్ణుణ్ణి విన్నవాళ్లు ఊళ్లో ఇంకా ఉంటారు. వాళ్లను మోసం చేయొద్దు. తెర లేవకముందే గాయకుడి పేరు మైకులో చెప్పండి, ఆయన్ని వెలుతురులో కూచోపెట్టండి. అప్పుడు పెదవి ఒక అక్షరం తప్పినా క్షమిస్తారు. పోటీలకు వెళ్లేటట్టయితే నిబంధనల కాగితం ముందుగా చదువుకోండి.

రంగస్థలం_కావలి:
చాలా సాయం చేశారు. వెలుతురులోనే కూచోపెడతాం. ఒక్క సందేహం, వన్స్‌మోర్ అంటే ఏం చెయ్యాలి?

హార్మోనియం_పొదిలి:
పద్యం మొత్తం మళ్లీ, ఆలాపన మాత్రం సగం. వేషగాడు ముందు నిలబడ్డ చోటికి వచ్చి, కుడిచెయ్యి ఎత్తాకే గాయకుడు ఎత్తుకోవాలి. వచనం మళ్లీ చెప్పక్కర్లేదు. చప్పట్లకు గాయకుడు కూచున్నచోటే లేచి దణ్ణం పెడితే బాగుంటుంది. మొదటి వారం ఇద్దర్నీ ఎదురెదురుగా కూచోపెట్టి గీతల ప్రకారం పాడించండి, రెండోవారం నిలబెట్టి కదలికలతో, చివరి వారం అదే మైకు సెట్టుతో కనీసం ఒక్క రాత్రి. ఆ ఒక్క రాత్రికి డబ్బు దాచుకోవద్దు.