లండన్ బొమ్మలతో ఇంగ్లీషు: పేర్లు వచ్చాయి, మాట రాలేదు. మీ అనుభవాలు చెప్పండి

సోషల్‌మాస్టారు:
ఆరో తరగతికి సోషల్ చెబుతాను. ఈ ఏడాది నుంచి మా బడిలో సోషల్, సైన్సు రెండు భాషల్లో నడుస్తున్నాయి. పుస్తకంలో ఎడమ పేజీ తెలుగు, కుడి పేజీ ఇంగ్లీషు. ఇంగ్లీషు టీచరుగారూ నేనూ కలిసి నెల రోజులకు లండన్ నగరాన్ని పాఠంగా పెట్టుకున్నాం. గోడ నిండా బొమ్మలు అంటించాం. పదిహేను రోజులు తిరిగేసరికి బొమ్మ చూపిస్తే చాలు, "దిస్ ఈజ్ బిగ్ బెన్, దిస్ ఈజ్ టవర్ బ్రిడ్జ్" అని గడగడా అప్పజెబుతున్నారు. "వేర్ ఈజ్ ఇట్?" అంటే మాత్రం గోడకేసి చెయ్యి చూపిస్తారు. వాళ్లననడానికీ లేదు, అది ఉన్నది గోడ మీదే కదా! అక్కణ్ణుంచి ముందుకు ఎలా నడపాలో తోచడం లేదు. ఇలాంటివి చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అచ్చుతప్పు:
మాస్టారూ, ముందు ఆ మొదటి వాక్యమే సరిచూసుకోండి. బిగ్ బెన్ అంటే గడియారమూ కాదు, గోపురమూ కాదు. లోపలున్న పెద్ద గంట, 13.7 టన్నుల బరువు. గోపురం పేరు 2012 నుంచి ఎలిజబెత్ టవర్, అంతకుముందు క్లాక్ టవర్. నాకు ఈ పొరపాటే పాఠానికి పనికొచ్చింది. గోపురం బొమ్మ ఇచ్చి "బిగ్ బెన్ మీద వేలు పెట్టండి" అన్నాను. అందరి వేళ్లూ గడియారం మీదే. "నో, ఇట్స్ ఇన్‌సైడ్. అబవ్ ద క్లాక్" అన్నాను. ఇక ఇన్‌సైడ్, అబవ్, బిలో, బిహైండ్ అన్నీ ఆ ఒక్క బొమ్మతోనే అయిపోయాయి.

పిల్లలకు చిక్కు ఎక్కడంటే, తెలుగులో అన్నిటికీ "మీద" సరిపోతుంది. బల్ల మీద పుస్తకం, నెత్తి మీద ఫ్యాను, నది మీద వంతెన. ఇంగ్లీషులో ఆన్, అబవ్, ఓవర్ వేరువేరు. ఈ తేడా తెలుగులో చెబితే రెండు నిమిషాల పని. ఇంగ్లీషులోనే చెప్పి తీరాలని పట్టుబట్టిన ఏడాది నాకు పీరియడంతా దానికే పోయింది.

రెండోభాష:
నాది వేరే అనుభవం. రెండేళ్లు సైన్సు ఇలాగే చెప్పాను. ఇంగ్లీషులో ఒక వాక్యం, వెంటనే అదే తెలుగులో. నెల తిరక్కుండానే పిల్లలు పట్టేశారు. ఇంగ్లీషు వాక్యం నడుస్తున్నంతసేపూ కిటికీలోంచి చూపులు, తెలుగు మొదలవగానే తల ఇటు. ఎడమ పేజీ ఎదురుగా ఉండగా కుడి పేజీ ఎవడు చదువుతాడండీ? తెలుగుకు తలుపు తీస్తే ఇంగ్లీషు గుమ్మం బయటే ఆగిపోతుంది. ఎవరేమన్నా నేను చూసింది ఇదే.

పాతబెంచీ:
రెండోభాష గారూ, మీరు చెప్పినది నూటికి నూరుపాళ్లూ జరుగుతుంది. కానీ దానికి కారణం తెలుగు వాడటమని నేననుకోను, ఒకే మాట రెండుసార్లు చెప్పడం. రెండోసారి వస్తుందని తెలిస్తే మొదటిసారి నేనైనా వినను.

బ్రిటన్‌లోని వేల్స్‌లో పిల్లలు అక్కడి భాష వెల్ష్, ఇంగ్లీషు రెండూ చదువుతారు. అక్కడ కెన్ విలియమ్స్ అనే విద్యావేత్త 1994లో ఒక పద్ధతికి పేరు పెట్టాడు. ఒక భాషలో చదివో వినో, రెండో భాషలో మాట్లాడడమో రాయడమో చెయ్యాలి. ఇంగ్లీషులో ఇప్పుడు ట్రాన్స్‌లాంగ్వేజింగ్ అంటున్నది అదే. పని రెండు భాషలకూ పంచుతారు, ఒకే పని రెండుసార్లు చెయ్యరు.

నేను 1666 నాటి లండన్ అగ్నిప్రమాదం తీసుకున్నాను. చెక్క ఇళ్లు, ఇరుకు సందులు, గాలివాటం, మంటలు అంత దూరం ఎందుకు పాకాయో తెలుగులో చదివారు, వాదించుకున్నారు. తర్వాత ఆరు బొమ్మలు ఇచ్చి, ఒక్కోదానికి ఒక్క వాక్యం ఇంగ్లీషులో రాయమన్నాను. ఆ ప్రమాదానికి గుర్తుగా కట్టిన మాన్యుమెంట్ అనే స్తంభం ఎత్తు 202 అడుగులు. మంట మొదలైన పుడ్డింగ్ లేన్‌లోని చోటు నుంచి దాని దూరం కూడా 202 అడుగులే. ఈ సంగతి వినగానే ఒకడు "ఇఫ్ ఇట్ ఫాల్స్?" అని అడిగాడు. ఆ 'ఇఫ్' నేను నేర్పింది కాదు.

ఇంకోటి. మాటామంతీకి పనికొచ్చే ఇంగ్లీషు రెండేళ్లలో పట్టుబడినా, పాఠాన్ని మోయగలిగే ఇంగ్లీషుకు అయిదు నుంచి ఏడేళ్లు పడుతుందని కెనడాలో జిమ్ కమిన్స్ అనే పరిశోధకుడు చెప్పాడు. అదీ చుట్టూ ఇంగ్లీషే వినపడే పిల్లల సంగతి. మనం పదిహేను రోజులకే కంగారు పడుతున్నాం.

ఇద్దరుపిల్లలతల్లి:
నేను టీచర్ని కాదు, ఇంట్లో చదివించేదాన్ని. పిల్లలు పెద్దగా చదువుతుంటే లండన్ నది పేరును నేను "థేమ్స్" అని సరిదిద్దాను. మర్నాడు బడి నుంచి వచ్చి "టెమ్స్ అమ్మా, నువ్వు చెప్పింది తప్పు" అంది మా పెద్దది. అప్పట్నుంచి నోటుబుక్కు చివరి పేజీలో "మోసం చేసే పేర్లు" అని జాబితా పెట్టుకుంది. గ్రీన్‌విచ్ అని రాసుంటే గ్రెనిచ్. లైసెస్టర్ అనిపించేది లెస్టర్. సౌత్‌వార్క్ కాదు, సదక్. తెలుగులో రాసినట్టే చదివే అలవాటు కదా, దానికి ఇదంతా పెద్ద అన్యాయంగా తోచింది.

తమాషా ఏమిటంటే, ఈ పేర్లు కొత్తగా వెళ్లిన ఇంగ్లీషువాళ్లనే తికమక పెడతాయని టీచరు చెప్పాక దాని భయం పోయింది. తప్పు తనది కాదు, స్పెల్లింగుదే! ఇప్పుడు తెలియని మాట వస్తే గొంతు తగ్గించడం లేదు, గట్టిగానే చదివి "కరెక్టేనా?" అంటోంది.

మ్యాప్‌పిచ్చి:
బొమ్మలు పక్కన పడేసి మ్యాప్ ఇవ్వండి మాస్టారూ. లండన్ అండర్‌గ్రౌండ్ మ్యాప్, అంటే నేల కింద నడిచే రైళ్లది. 1931లో హ్యారీ బెక్ గీశాడు, 1933లో అచ్చయింది. కరెంటు సర్క్యూట్ల బొమ్మలు గీసేవాడు కాబట్టి రైలు దారినీ అలాగే గీశాడు. అన్నీ తిన్నని గీతలు, దూరాలతో పని లేదు. పిల్లలకు అందుకే తేలిక.

నేను ఇద్దరిని వీపులు ఆనించి కూర్చోబెడతాను. ఒకరు వెస్ట్‌మిన్‌స్టర్‌లో దారి తప్పారు, సెయింట్ పాల్స్‌కు వెళ్లాలి. రెండోవాళ్ల చేతిలోనే మ్యాప్. జూబిలీ లైన్‌లో బాండ్ స్ట్రీట్ దాకా, అక్కడ సెంట్రల్ లైన్‌కు మారాలి. వీపులు ఆనించడం ముఖ్యం, లేకపోతే వేలు పెట్టి చూపించేస్తారు, నోరు విప్పరు.

మొదటి రోజు వినిపించిన వాక్యం ఇది: "వెస్ట్‌మిన్‌స్టర్ ఫ్రమ్ జూబిలీ లైన్ టేక్." అచ్చ తెలుగు! మనకు క్రియ చివర వస్తుంది, "నుంచి" ఊరి పేరు తర్వాత వస్తుంది, వాడు రెండూ తు.చ. తప్పకుండా పాటించాడు. తప్పని అనలేదు. తెలుగు వాక్యం ఒక అట్టముక్క మీద, ఇంగ్లీషు వాక్యం ఇంకోదాని మీద రాసి, మాటలు కత్తిరించి కలిపేసి ఇచ్చాను. రెండూ పేర్చాక వాడే "మనది తిరగేస్తే వాళ్లది" అన్నాడు. పూర్తిగా నిజం కాదు గానీ ఆరో తరగతికి చాలు.

అచ్చుతప్పు:
మ్యాప్‌పిచ్చి గారి వీపుల ఆట నేనూ ఎత్తుకుపోతున్నాను. మరో తలనొప్పి ఇంగ్లీషులో పేరు ముందొచ్చే "ద". తెలుగులో అసలు ఆ వస్తువే లేదు. ద టవర్ ఆఫ్ లండన్, ద థేమ్స్, ద లండన్ ఐ (అక్కడి పెద్ద జెయింట్ వీల్). కానీ టవర్ బ్రిడ్జ్, ట్రఫాల్గర్ స్క్వేర్, బకింగ్‌హామ్ ప్యాలెస్ ముందు ఏమీ ఉండదు. సూత్రం చెప్పకుండా కార్డులు రెండు కుప్పలు చేయించండి. నదికి ద, మధ్యలో "ఆఫ్" ఉంటే ద అని వాళ్లే పట్టేస్తారు. లండన్ ఐ దగ్గర కాసేపు కొట్టుకుంటారు, కొట్టుకోనివ్వండి.

రెండోభాష:
పాతబెంచీ గారి మాట ఒప్పుకుంటున్నాను, నేను చేసింది అనువాదమే. ఇంకో అనుమానం మాత్రం తీరలేదు. ఎప్పుడూ చూడని లండన్ గురించి పిల్లలకు చెప్పుకోవడానికి ఏముంటుంది?

పాతబెంచీ:
టవర్ ఆఫ్ లండన్‌లో కోహినూర్ ఉందండీ. 105.6 క్యారెట్లు, 1937లో చేసిన కిరీటంలో పొదిగారు. ఈ ఒక్క మాట చెప్పి "హూజ్ డైమండ్ ఈజ్ ఇట్?" అని బోర్డు మీద రాసి కూర్చోండి. మా క్లాసులో ముందు తెలుగులో యుద్ధం జరిగింది. తర్వాత జట్టుకు అయిదు ఇంగ్లీషు వాక్యాలు రాయమన్నాను. "ఇచ్చెయ్యాలి అంటే ఏమనాలి? ఎందుకంటే అంటే?" అని వాళ్లే వచ్చి అడిగారు. షుడ్, బికాజ్ నేను అంతకుముందు మూడుసార్లు చెప్పాను, ఎవరికీ అక్కర్లేకపోయింది.

సోషల్‌మాస్టారు:
అందరికీ నమస్కారం. వారం తర్వాత వస్తున్నాను. బొమ్మలన్నీ గోడ మీంచి తీసేశాం. వీపుల ఆట నిన్న మొదలుపెట్టాం, చాలా జంటలు రెండో స్టేషన్ దగ్గరే తప్పిపోయాయి. ఇంగ్లీషు టీచరుగారు రాసుకున్న ఒక జంట సంభాషణ పెడుతున్నాను. ఇందులో రెండో పిల్లాడు జూన్ నుంచి క్లాసులో నోరు విప్పలేదు.

"వేర్ ఆర్ యూ?"
"ఐ యామ్ అండర్ ద క్లాక్. ఐ నాట్ సీ బిగ్ బెన్."
"నోబడీ సీ. ఇట్ ఈజ్ ఇన్‌సైడ్!"

'కాంట్' సంగతి తర్వాత చూసుకుంటాం. కోహినూర్ వచ్చే గురువారం పెట్టుకున్నాం. పాతబెంచీ గారూ, మీ జట్టుకు ఎంతమంది? మాది నలభై మంది క్లాసు.