ఏసీ గదిలో గాలి ఎంత లీక్ అవుతుందో మనమే చూసుకోవచ్చా?

మిర్యాలగూడ నుంచి:
మాది పాత ఇల్లు. 12×11 గది, పదడుగుల ఎత్తు, ఒకటిన్నర టన్ను ఏసీ. మే నెల మధ్యాహ్నం 26లో పెట్టినా కంప్రెసర్ ఆగదు, బిల్లు చూస్తే టెన్షన్. టేకు కిటికీలు, పైన సిమెంట్ జాలీ వెంటిలేటర్, దర్వాజా కింద అరంగుళం సందు. గాలి ఎంత లీక్ అవుతుందో కొలిచే బ్లోయర్ డోర్ టెస్ట్ గురించి చదివాను కానీ చేసేవాళ్లు ఎవరూ దొరకలేదు. ఎండాకాలమంతా అమ్మ ఆ గదిలోనే ఉంటుంది, ఇంకో ఏసీ కొనాలా?

మహబూబ్‌నగర్ నుంచి:
అన్నా, అప్పుడే కొనకు. ఆ టెస్టులో దర్వాజాకు పెద్ద ఫ్యాన్ బిగించి, లోపలికీ బయటికీ 50 పాస్కల్స్ ఒత్తిడి తేడా వచ్చేదాకా గాలిని బయటికి లాగుతారు, దానికి నిమిషానికి ఎన్ని ఘనపుటడుగులు లాగాల్సి వచ్చిందో చూసి 60తో గుణించి ఇంటి ఘనపరిమాణంతో భాగిస్తారు. 10,000 ఘనపుటడుగుల ఇంట్లో 2,000 వస్తే, ఆ ఒత్తిడిలో గంటకు 12 సార్లు గాలి మారినట్టు. చల్లదనానికీ వెచ్చదనానికీ చాలా తక్కువ కరెంటు పట్టే ఇళ్ల కోసం జర్మనీలో పుట్టిన పాసివ్ హౌస్ ప్రమాణంలో ఇది 0.6 దాటకూడదు. మనకు ఆ అంకె కంటే సందు ఎక్కడుందో తెలియడం ముఖ్యం. మూడడుగుల దర్వాజా కింద అరంగుళం అంటేనే 18 చదరపు అంగుళాలు, అంటే ఆరంగుళాలు బై మూడంగుళాల బొక్క!

స్టవ్, గ్యాస్ గీజర్, సీలింగ్ ఫ్యాన్లు అన్నీ ఆపు. బయటి కిటికీలు, తలుపులు మూసి, ఆ గది దర్వాజా మాత్రం తెరిచిపెట్టి, వంటింటి ఎగ్జాస్ట్ వెయ్యి. అగర్‌బత్తి కిటికీ అంచుల వెంట మెల్లగా తిప్పు, పొగ లోపలికి ఎగిరిన చోట లీక్ ఉన్నట్టు. పరదాలకు దూరంగా పట్టుకో.

దేవరకొండ నుంచి:
పైన స్లాబేనా? సాయంత్రం ఏడింటికి సీలింగ్ మీద చెయ్యి పెట్టి చూడండి. కాలుతుంటే సందులు మూసినంత మాత్రాన సరిపోదు, మిద్దె మీద తెల్ల కూల్ పెయింట్ కూడా వెయ్యాలి. 2023లో మన తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఇందుకే. ఇంకో మాట, గ్యాస్ గీజర్ ఉన్న బాత్రూం వెంటిలేటర్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లో మూయకండి, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణాలు పోతాయి.

మిర్యాలగూడ నుంచి:
ఇప్పుడే చూశాను. కిటికీల దగ్గర పొగ కొద్దిగానే కదిలింది, ఏసీ పైపు కోసం గోడకు కొట్టిన రంధ్రం దగ్గర మాత్రం సూటిగా లోపలికి వచ్చింది, ఫిట్టింగ్ చేసినవాళ్లు చుట్టూ పూడ్చనే లేదు. జాలీకి లోపలి వైపు తీసి పెట్టుకునేలా అద్దం, దర్వాజా కింద రబ్బరు పట్టీ పెట్టిస్తున్నా. సీలింగ్ కూడా కాలుతోంది అక్కా, పెయింట్ ఎన్ని కోటింగులు వెయ్యాలి?