రిపోర్టులో విజిబిలిటీ మినిమమ్స్ కంటే తక్కువున్నా అప్రోచ్ మొదలుపెట్టొచ్చా?

డల్లాస్ సెస్నా:
ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట కనబడకపోయినా పరికరాలు చూసి ఎగరడానికి కావాల్సిన అర్హత) చేస్తున్నాను. మా క్లబ్బులో ఒక గొడవ నడుస్తోంది, మీరైనా తేల్చండి. అమెరికాలో పార్ట్ 91 (ప్రైవేటుగా ఎగిరేవాళ్ల రూల్సు) కింద సొంతానికి ఎగిరేవాళ్లు, ఛార్టులో కనీసం అర మైలు విజిబిలిటీ (మినిమమ్స్ అంటే ఇదే) కావాలని ఉండి ఎయిర్‌పోర్టు రిపోర్టులో పావు మైలే ఉన్నా ఐఎల్ఎస్ అప్రోచ్ (రేడియో సిగ్నళ్లు పట్టుకుని రన్‌వే వైపు దిగడం) మొదలుపెట్టొచ్చు. కిందిదాకా వెళ్లి చూద్దాం, కనబడకపోతే పైకి పోదాం అన్నమాట. ఎయిర్‌లైన్లకీ ఛార్టర్లకీ ఈ వెసులుబాటు లేదు. రోజూ ఇదే పని చేసేవాళ్లకి వద్దని, సెస్నా 172లో ఒక్కడే కూర్చున్నవాడికి సరే అనడం ఏం లాజిక్కు? ఎత్తేయాలి, నా ఓటు అదే.

మబ్బుల్లో మనోడు:
ఏం అక్కర్లేదు బ్రో. ఆ రిపోర్టు ఇచ్చేది చాలాచోట్ల రన్‌వే దగ్గర పాతిన ఒక సెన్సర్. పొగమంచు సరిగ్గా దాని మీద పట్టిందంటే పావు మైలు చూపిస్తుంది, నువ్వు దిగే వైపు శుభ్రంగా ఉండొచ్చు. పార్ట్ 91లోని 91.175 రూలు అడిగేది ఫ్లైట్ విజిబిలిటీ, అంటే కాక్‌పిట్‌లోంచి నీకు కనబడేది. డెసిషన్ ఆల్టిట్యూడ్ (దిగాలా, పైకి పోవాలా తేల్చుకోవాల్సిన ఎత్తు) దగ్గర లైట్లు కనబడ్డాయా, దిగు. లేదంటే పవర్ పెట్టి పైకి పో. అలా పైకి పోయే మిస్డ్ అప్రోచ్ దారి కూడా అడ్డంకులు లెక్క చూసి గీసిందే కదా, దానికే టెన్షన్ పడేటట్టయితే ఈ రేటింగ్ ఎందుకు?

బేగంపేట బ్యాచ్:
చెప్పడానికి బాగానే ఉంటుంది. 2002 మార్చిలో బాలయోగి గారి హెలికాప్టర్ కైకలూరు దగ్గర కూలింది గుర్తుందా? వాతావరణంతో ‘చూద్దాం’ అంటే అంతే.

సీఎఫ్ఐ అక్క:
దాన్ని ఇందులోకి తేకండి, అక్కడ ఇన్‌స్ట్రుమెంట్ అప్రోచే లేదు. దీనికి దగ్గరి కేసులు కావాలంటే రెండున్నాయి. 2022 నవంబర్ 27 రాత్రి మేరీల్యాండ్‌లోని గెయితర్స్‌బర్గ్‌లో పొగమంచులో దిగబోయిన మూనీ అనే ఒక చిన్న విమానం కరెంటు టవర్‌కి తగులుకుని, భూమికి దాదాపు వంద అడుగుల పైన అలాగే వేలాడింది. లోపలున్న ఇద్దరినీ దించడానికి సుమారు ఏడు గంటలు పట్టింది, ఇద్దరూ బతికారు. రెండోది 2025 మే 22 తెల్లవారుజామున శాన్ డియేగోలో సైటేషన్ జెట్. రన్‌వే ఇంకా రెండు మైళ్ల దూరం ఉండగానే కరెంటు తీగలకి తగిలి ఆరుగురూ పోయారు.

ఇప్పుడు గమనించండి. ఈ రెండిట్లోనూ డెసిషన్ ఆల్టిట్యూడ్ దాకా పద్ధతిగా వచ్చి, చూసి, ఏమీ కనబడక ఇబ్బంది పడినవాళ్లు ఎవరూ లేరు. రెండూ అంతకు ముందే, ఆ చోట ఉండాల్సిన ఎత్తు కంటే కిందికి వెళ్లిపోయాయి. కాబట్టి ‘చూద్దాం’ రూలు వల్లే జనం పోతున్నారనడానికి ఇవి సాక్ష్యం కావు.

అలాగని మనోడి మాటా పూర్తిగా ఒప్పుకోను. లైట్లు కనబడ్డాయా దిగు అన్నంత తేలిక్కాదు అది. 90 నాట్ల వేగం మీద మూడు డిగ్రీల గ్లైడ్‌స్లోప్ (దిగే వాలు) అంటే నిమిషానికి 480 అడుగుల చొప్పున దిగుతున్నావు, 200 అడుగుల దగ్గర నీ చేతిలో ఉన్నది పాతిక సెకన్లు. అక్కడి నుంచి రన్‌వే అంచు ఇంకా 2,800 అడుగుల పైనే దూరం. అర మైలంటే 2,640. అంటే సరిగ్గా మినిమమ్స్ ఉన్న రోజు కూడా తలెత్తితే రన్‌వే ఉండదు. కనబడేది దాని ముందు 2,400 అడుగుల మేర పరిచిన అప్రోచ్ లైట్లే, అవీ మసక మసకగా. ఒక్క ఆ లైట్లనే పట్టుకుని 100 అడుగుల దాకా దిగొచ్చని రూలు ఒప్పుకుంటుంది, ఆ తర్వాత రన్‌వేకి సంబంధించినదేదో కనబడాలి. రిపోర్టు పావు మైలున్న రోజు ఈ పని చేస్తూ, పక్కన చూసిపెట్టే మనిషి లేకుండా, కళ్లు బయటికీ లోపలికీ తిప్పుతుంటే ముక్కు దానంతటదే కిందికి వాలుతుంది. నా స్టూడెంట్లలో దాదాపు అందరూ హుడ్ (బయట కనబడకుండా ట్రైనింగులో పెట్టుకునే ముసుగు) తీయగానే చేసేది అదే. అందుకే నేను రూలు జోలికి పోను, ఇంకోటి అడుగుతాను: ఆల్టర్నేట్‌కి (ముందే అనుకున్న ఇంకో ఎయిర్‌పోర్టుకి) వెళ్లి ఆపైన 45 నిమిషాలు ఎగిరే పెట్రోలు నిజంగా ట్యాంకులో ఉందా? ఉంటే ఒక్కసారి చూడు. కనబడకపోతే రెండో ప్రయత్నం వద్దు, పక్క ఊరికి పో.

డల్లాస్ సెస్నా:
అక్కా, మీరు పద్ధతిగా చేసేవాళ్ల సంగతి చెబుతున్నారు. రూలు కావాల్సింది మిగతావాళ్లకి. యూరప్‌లో చిన్న విమానానికైనా సరే, రన్‌వే దగ్గర కొలిచిన విజిబిలిటీ 550 మీటర్ల కంటే తక్కువుంటే, ప్రత్యేక అనుమతి లేకుండా ఎయిర్‌పోర్టు పైన 1,000 అడుగుల కిందికి కొనసాగకూడదు. వాళ్లకేం పోయింది?

మబ్బుల్లో మనోడు:
వాళ్లకి పోయిందో లేదో గానీ ఇక్కడ పనికిరాదు. అమెరికాలో టవర్ లేని, అసలు వెదర్ రిపోర్టే లేని ఎయిర్‌పోర్టులకీ అప్రోచ్‌లు ఉన్నాయి. నువ్వు చెప్పే బ్యాన్ వస్తే, సెన్సర్ పెట్టినచోట వద్దంటాం, ఏమీ లేనిచోటికి వెళ్లమంటాం. గేటుకి తాళం వేసి గోడ కట్టకుండా వదిలేసినట్టు. అక్క చెప్పిన శాన్ డియేగో సంగతే చూడు, ఆ రోజు ఆ ఎయిర్‌పోర్టు వెదర్ సిస్టమ్ పనిచేయడం లేదు. పైలట్‌కి దొరికింది పక్కనున్న మిరమార్ ఎయిర్‌బేస్ రిపోర్టు. నీ రూలు ఆయన్ని ఆపేదా?

బేగంపేట బ్యాచ్:
అక్కడ అప్రోచ్ లైట్లు కూడా పాడై చాన్నాళ్లయిందని చదివాను. అలాంటప్పుడు అదే అర మైలు సరిపోతుందా?

సీఎఫ్ఐ అక్క:
సరిపోదు. మామూలు ఐఎల్ఎస్‌కి లైట్లు లేకపోతే అర మైలు కాస్తా ముప్పావు మైలు అవుతుంది. ఛార్టు మీద పెద్ద అంకెలే చూసి నోటమ్ (ఏది పనిచేయట్లేదో పైలట్లకి చెప్పే నోటీసు) చదవనివాళ్లకి ఇది తెలీదు. తమ్ముడూ, నీ రూలు మాట వచ్చింది కాబట్టి: రిపోర్టు ఉన్నచోటైనా బ్యాన్ పెట్టండి అంటే నేను కొట్లాడను. కాకపోతే దానివల్ల ఆగేవాళ్లు ఇప్పుడు కూడా ఆగుతున్నవాళ్లే అని నా అనుమానం.

డల్లాస్ సెస్నా:
రిపోర్టు లేనిచోట సంగతికి నా దగ్గర సమాధానం లేదు, ఒప్పుకుంటున్నా. ఉన్నచోట మాత్రం నా ఓటు మారదు. చెక్‌రైడ్‌లో (రేటింగ్ పరీక్షలో) ఎగ్జామినర్ ఇదే అడిగితే 91.175 చెప్పి ఊరుకుంటాలెండి, ఈ ఓటు సంగతి అక్కడ ఎత్తను.