తాతగారి చిన్న రైలు ఫొటోలు, నౌపడా దగ్గర నేను తీస్తున్న ఫొటోలు: వీటిని చరిత్రకు పనికొచ్చేలా నమోదు చేయడం ఎలా?

ప్రశ్న (టెక్కలి, శ్రీకాకుళం జిల్లా)

అందరికీ నమస్కారం. మా తాతగారు నౌపడా–గుణుపూర్ నేరో గేజి లైనులో గార్డుగా పనిచేశారు. 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడి వరకు, 1931లో గుణుపూర్ వరకు వేసిన ఆ రెండున్నర అడుగుల లైను, బ్రాడ్ గేజిగా మార్చడం కోసం 2004 జూన్‌లో ఆగిపోయింది. 2010లో పర్లాకిమిడికి, ఆ మరుసటి ఏడాది గుణుపూర్‌కు పెద్ద రైలు వచ్చింది. ప్రయాణికులకు అది మేలే చేసింది, కానీ చిన్న రైలు ఎలా ఉండేదో చూపడానికి మా ఇంట్లో మిగిలింది తాతగారి ట్రంకు పెట్టె ఒక్కటే. అందులో నలభై దాకా నలుపు తెలుపు ఫొటోలు, ఒక వర్కింగ్ టైం టేబుల్ (రైల్వే సిబ్బంది వాడుకునేది), చేతి దీపం, వెలిసిపోయిన ఆకుపచ్చ జెండా ఉన్నాయి. చాలా ఫొటోల మీద తేదీ గానీ పేర్లు గానీ లేవు. ఒక ఫొటోలో ఇంజను ముందు ఎనిమిది మంది నిలబడి ఉన్నారు, వారిలో తాతగారిని తప్ప నేనెవరినీ గుర్తు పట్టలేను. తాతగారు పోయి ఆరేళ్లయింది.

ఆ పెట్టె తెరిచిన తరువాతే నేను కూడా కెమెరా పట్టుకుని నౌపడా జంక్షను చుట్టుపక్కల రైళ్ల ఫొటోలు తీయడం మొదలుపెట్టాను. ఏడాదిలో రెండు వేలకు పైగా తీశాను గానీ, తిరిగి చూస్తే అన్నీ ఒకేలా ఉన్నాయి. పైగా ఒక స్టేషనులో విధుల్లో ఉన్న వ్యక్తి నన్ను ఆపి, తీసినవన్నీ చెరిపించారు. నా సందేహాలు మూడు. అభ్యంతరం రాకుండా, ప్రమాదం లేకుండా ఎక్కడి నుంచి, ఎలా తీయాలి? తీసిన ప్రతి ఫొటోతో పాటు ఏ వివరాలు రాసిపెట్టాలి? తాతగారి ఫొటోలు ఏ కాలానివో తెలుసుకోవడానికి దారి ఏమైనా ఉందా?

జవాబు 1 (విజయవాడ, పదిహేనేళ్లుగా రైళ్ల ఫొటోలు తీస్తున్నవారు)

ముందుగా అభ్యంతరాల సంగతి. ప్లాట్‌ఫాం టికెట్ గానీ ప్రయాణ టికెట్ గానీ చేతిలో ఉంచుకుని, కెమెరా సంచి తెరవక ముందే స్టేషను మాస్టరు గారిని కలిసి, మీరెవరో, ఏం తీయాలనుకుంటున్నారో చెప్పండి. మీ తాతగారు అదే లైనులో గార్డని చెబితే, నా అనుభవంలో తొంభై పాళ్లు సమస్య అక్కడితోనే తీరిపోతుంది. వ్యాపారం కోసం తీసే చిత్రీకరణకు మాత్రం జోనల్ రైల్వే ముఖ్య ప్రజాసంబంధాల అధికారి కార్యాలయం నుంచి అనుమతి పొందాలి. స్టేషను హద్దు దాటి అనుమతి లేకుండా పట్టాల మీదికి వెళ్లడం 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షను కింద నేరం. ఆరు నెలల వరకు జైలు గానీ, వెయ్యి రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. శిక్ష సంగతి అటుంచినా, వంపులో ఎదురు లైను మీద వచ్చే బండి చప్పుడు మీరు ఫొటో తీస్తున్న బండి చప్పుడులో కలిసిపోయి వినబడదు. ఈ ఒక్క కారణం చాలు, కంచెకు ఇవతలే నిలబడడానికి.

పైనున్న తీగలో 25,000 వోల్టుల విద్యుత్తు ప్రవహిస్తుంది. దానికి, మీకు, మీ చేతిలో ఉన్న వస్తువుకు మధ్య రెండు మీటర్లకు తగ్గని దూరం ఎప్పుడూ ఉండాలి. పాదచారుల వంతెన మీద నిలబడి లోహపు కర్రకు కెమెరా తగిలించి పైకెత్తడం, ఆగి ఉన్న వ్యాగను ఎక్కడం వంటివి ఎన్నడూ చేయకండి.

ఇక వెలుగు. నౌపడా దగ్గర మీకు దొరికిన అదృష్టం ఉప్పు మడులు. అక్కడ ప్రధాన లైను ఈశాన్యం నుంచి నైరుతికి సాగుతుంది కాబట్టి, ఉదయం సముద్రం వైపు నిలబడితే ఎండ మీ వెనుక నుంచి వచ్చి బండి పక్క భాగమంతా, చక్రాల దాకా, స్పష్టంగా కనబడుతుంది. సాయంత్రం రెండో వైపుకు మారాలి. తెల్లటి ఉప్పు కుప్పలు చట్రంలోకి వస్తే కెమెరా మోసపోయి ఫొటోను చీకటిగా తీస్తుంది, అందుచేత ఎక్స్‌పోజరును ఒక మెట్టు దాకా పెంచుకోండి. గంటకు 130 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 36 మీటర్లు కదులుతుంది. అంటే సెకనులో వెయ్యో వంతు షట్టరు వేగం పెట్టినా ఆ కొద్దిపాటి సమయంలోనే అది మూడున్నర సెంటీమీటర్లు జరిగిపోతుంది. పక్క నుంచి తీస్తే ఇంజను నంబరు అలుక్కుపోవడానికి కారణం ఇదే. బండి ఇంకా దూరంగా ఉండగా, ముందు భాగం మూడు వంతులు కనబడే కోణంలో తీస్తే అదే షట్టరు వేగానికి నంబరు చదవగలిగేలా వస్తుంది.

మీ ఫొటోలన్నీ ఒకేలా ఉండడానికి కారణం అన్నిటిలోనూ ఇంజను ఒక్కటే ఉండడమని నా అనుమానం. పది అడుగులు వెనక్కి వేసి ఉప్పు మడిని, పనివాళ్లను, స్తంభాలను కూడా రానివ్వండి. ఇంజను ఏ ఊళ్లోనైనా అదే ఇంజను. ఆ ఉప్పు మాత్రం నౌపడాదే.

జవాబు 2 (విశాఖపట్నం, విశ్రాంత లోకో పైలట్)

మీ తాతగారి గురించి చదివి సంతోషించాను. నేను కొత్తవలస–కిరండూల్ ఘాట్ లైనులో ఎన్నో ఏళ్లు ఇనుప ఖనిజం బండ్లు నడిపాను. 58 సొరంగాలున్న ఆ లైనులో, సొరంగం బయట నిలబడి ఎవరో ఫ్లాష్ వెలిగిస్తే కొన్ని క్షణాల పాటు ముందున్న సిగ్నలు కూడా కనబడేది కాదు. దయచేసి రాత్రి గానీ పగలు గానీ ఎదురుగా వచ్చే బండి మీదికి ఫ్లాష్ వేయవద్దు.

ఏ వివరాలు రాయాలని అడిగారు. ఇంజను మీదున్న రాతను చదవడం వస్తే సగం పని అయినట్టే. మొదటి అక్షరం గేజిని చెబుతుంది: డబ్ల్యూ అంటే బ్రాడ్ గేజి, వై అంటే మీటరు గేజి, జెడ్ అంటే మీ తాతగారు పనిచేసిన రెండున్నర అడుగుల గేజి. తరువాతి అక్షరం డీజిలుదో విద్యుత్తుదో చెబుతుంది, ఆ పైది అది ప్రయాణికుల బండికా, గూడ్సుకా, రెంటికా అన్నది చెబుతుంది. కాబట్టి డబ్ల్యూ.ఎ.పి.7 అన్నది ప్రయాణికుల బండ్లు లాగే బ్రాడ్ గేజి విద్యుత్ ఇంజను, డబ్ల్యూ.డి.ఎం.3ఎ అన్నది రెండు పనులూ చేసే డీజిలు ఇంజను. పక్కన చిన్న అక్షరాలలో షెడ్డు, అంటే ఆ ఇంజను నిర్వహణ చూసే కేంద్రం, గుర్తు ఉంటుంది, బి.జెడ్.ఎ. అంటే విజయవాడ, కె.జెడ్.జె. అంటే కాజీపేట, ఎల్.జి.డి. అంటే లాలాగూడ. తేదీ, సమయం, స్థలం, బండి నంబరు, ఏ దిక్కుకు పోతోంది, ఇంజను తరగతి, నంబరు, షెడ్డు, వెనుక ఎన్ని పెట్టెలు అన్నవి ఆ రోజు సాయంత్రమే రాసుకోండి, ఎందుకంటే వారం గడిస్తే ఏ బండి ఆలస్యంగా వచ్చిందో, ఏది దాని వెనకాల వచ్చిందో మీకే గుర్తుండదు. పెట్టె నంబరులో మొదటి రెండు అంకెలు అది తయారైన సంవత్సరం. పాత నీలం రంగు ఐ.సి.ఎఫ్. (చెన్నైలోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) రకం పెట్టెల తయారీ 2018లో ఆగిపోయింది కనుక, వాటిని ఈరోజే తీసిపెట్టండి. కొత్త బండ్లను తీయడానికి చాలామంది ఉన్నారు.

ఒక్క మాట మనసులో పెట్టుకోండి. బండి నడవడానికి వెనుక ఉన్న పనిని ఎవరూ ఫొటో తీయరు. సిగ్నళ్లు మార్చే లెవర్లున్న క్యాబిను, గేటు, పట్టాలు బాగుచేసే గ్యాంగు గుడిసె, మేము భోజనం చేసి పడుకున్న రన్నింగ్ రూము, ఒంటి లైనులో బండికి దారి అనుమతిగా టోకెను ఇచ్చే యంత్రం, ఇవి పడగొట్టే రోజు వరకు ఎవరి కంటికీ ఆనవు. అనుమతి దొరికిన చోటల్లా వీటిని తీయండి. అక్కడ పనిచేసేవారిని అడిగి, ఒప్పుకుంటే వారితో సహా తీయండి. 2022 నుంచి గార్డును ట్రైన్ మేనేజర్ అంటున్నారు; గార్డు అన్న మాట కూడా మీరు రాసిపెట్టవలసిన చరిత్రలో భాగమే.

జవాబు 3 (హైదరాబాద్, చరిత్ర అధ్యాపకులు)

పాత ఫొటోల కాలం కనుక్కోవడానికి మీ లైను విషయంలో మంచి ఆధారాలున్నాయి, ఎందుకంటే దాని యాజమాన్యం పేరు చాలాసార్లు మారింది. మొదట పర్లాకిమిడి సంస్థానం వేయించిన ఆ లైను తరువాత బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, అంటే బి.ఎన్.ఆర్., నిర్వహణలోకి వెళ్లింది. ఆ సంస్థను 1944 అక్టోబరులో ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. 1952 ఏప్రిల్‌లో అది తూర్పు రైల్వేలో కలిసింది, 1955 ఆగస్టులో ఆగ్నేయ రైల్వేగా విడిపోయింది, 2003 ఏప్రిల్‌లో తూర్పు కోస్తా రైల్వే పని ప్రారంభించింది. ఇంజను మీద, రైలు పెట్టె మీద, స్టేషను సామాను మీద ఉన్న అక్షరాలను భూతద్దంతో చూడండి. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కొత్త పేరు అక్షరాలుంటే ఫొటో ఆ తేదీకి తరువాతిదని నమ్మవచ్చు. పాత పేరు అక్షరాలుంటే మాత్రం ఫొటో ముందుదని తేల్చకూడదు, ఎందుకంటే మళ్లీ రంగు వేసే దాకా పాత పేరే ఉండిపోయేది. పెట్టె తలుపు పక్కన మూడో తరగతిని సూచించే మూడు నిలువు గీతలు కనబడితే, 1974లో మూడో తరగతిని ఎత్తివేశారు కాబట్టి, అది మరొక ఆధారం. దూరాలు చూపే రాళ్ల మీద మైళ్లున్నాయా, కిలోమీటర్లున్నాయా అన్నది కూడా గమనించండి.

స్కానింగ్ విషయంలో నేను గట్టిగా చెప్పేది ఒకటుంది: ఫొటో వెనుక భాగాన్ని కూడా స్కాన్ చేయండి. ఖాళీగా కనబడినా స్టూడియో ముద్ర, పెన్సిలు గీత, కాగితం తయారీ గుర్తు ఏదో ఒకటి బయటపడుతుంది. కార్డు సైజు ఫొటోలను అంగుళానికి 600 చుక్కల కన్నా తక్కువలో తీయకండి. కుదింపు లేని టిఫ్ ఫైలును మూలంగా ఉంచి, ఇతరులకు పంపడానికి వేరే చిన్న ప్రతిని తయారు చేసుకోండి. లామినేషన్ చేయించడం, జిగురు పేజీల ఆల్బంలో అంటించడం రెండూ ఫొటోలను పాడు చేస్తాయి. మీది సముద్రపు గాలి తగిలే ఊరు కనుక తేమను పీల్చే పొట్లాలు వేసిన డబ్బాలో, ఆమ్లం లేని కాగితాల మధ్య విడివిడిగా ఉంచండి. ఫైళ్ల ప్రతులు మూడు చోట్ల, అందులో ఒకటి వేరే ఊళ్లో ఉండాలి.

ఆ వర్కింగ్ టైం టేబుల్‌ను మాత్రం ఫొటోల కన్నా తక్కువగా చూడకండి. ప్రయాణికుల టైం టేబుల్‌లో లేని వేగ పరిమితులు, ఏ స్టేషనులో ఎన్ని నిమిషాలు ఆగాలో, ఎక్కడ ఏ బండి దేనికి దారి ఇవ్వాలో అందులో ఉంటాయి. మీ ఫొటోలో రెండు బండ్లు ఒకే స్టేషనులో కనబడితే ఏ బండి ఏ బండికి దారి ఇచ్చిన క్రాసింగో అందులోంచి తేల్చవచ్చు.

అన్నిటికన్నా తొందరగా చేయవలసిన పని ఇంకొకటి ఉంది. ఆ ఎనిమిది మందిలో గానీ, వారి తోటివారిలో గానీ జీవించి ఉన్నవారి వద్దకు ఫొటో పెద్ద ప్రతిని తీసుకుని వెళ్లండి. “అప్పటి విషయాలు చెప్పండి” అని అడిగితే రెండు వాక్యాలతో ముగుస్తుంది. వేలు పెట్టి చూపిస్తూ, “ఇతని చేతిలో ఉన్నదేమిటి? ఈ చెట్టు ఏ స్టేషనుది? నీళ్లు ఎక్కడ పట్టేవారు?” అని అడిగితే గంటసేపు మాట్లాడతారు. వారి అనుమతితో రికార్డు చేసి, వారు వాడిన మాటలను వాడినట్టే రాయండి. మీ ప్రాంతపు తెలుగులో, ఒడియా కలిసిన మాటల్లో ఆ పనిముట్లకు ఉన్న పేర్లు ఏ నిఘంటువులోనూ దొరకవు.

జవాబు 4 (రాజమహేంద్రవరం)

మొదటి జవాబులో చెప్పినదానికి చిన్న చేర్పు. మా ఊళ్లో 56 అంకణాల హేవ్‌లాక్ వంతెన మీద 1900 నుంచి 1997 వరకు రైళ్లు నడిచాయి. ఆ వంతెన ఫొటోలు బోలెడు ఉన్నాయి గానీ, దాని మీద రోజూ నడిచిన సాధారణ ప్యాసింజరు ఫొటో కోసం నేను చాలాకాలం వెతకవలసి వచ్చింది. మీ తాతగారి ఫొటోలలో స్థలం గుర్తు పట్టగలిగినవి ఏవైనా ఉంటే, సరిగ్గా అదే చోట, అదే కోణంలో, వీలైతే అదే నెలలో మీరు మళ్లీ తీయండి. రెండూ పక్కపక్కన పెట్టినప్పుడు చెట్లు, కొండ అంచు, గట్టు ఎత్తు చూసి పాత లైను ఎక్కడ పోయిందో పట్టుకోవచ్చు. ఇంకొకటి, పాత నలుపు తెలుపు ఫొటోలకు కంప్యూటరుతో రంగులు వేయించవద్దని నా మనవి. పెట్టె అసలు రంగు తెలియకుండా వేసిన రంగును రేపు ఎవరో ఆధారంగా తీసుకుంటారు.

ఎవరైనా వాడుకునేలా ఫొటోలు ఉంచే వికీమీడియా కామన్స్ సైటులో పెట్టే ఆలోచన ఉంటే, మీరు తీసినవాటికి మీరే హక్కుదారులు కనుక స్వేచ్ఛా లైసెన్సుతో పెట్టవచ్చు. తాతగారి పెట్టెలోనివి ఎవరు తీశారో ముందు తేల్చుకోండి. ఫొటో మన దగ్గర ఉన్నంత మాత్రాన దాని హక్కు మనదైపోదు. వివరణ తెలుగులోనూ రాయండి.

ప్రశ్న అడిగినవారు మళ్లీ

అందరికీ కృతజ్ఞతలు. మూడో జవాబు చదివిన రాత్రే భూతద్దం తీసుకుని కూర్చున్నాను. ఎనిమిది మంది ఉన్న ఫొటోలో వెనుక రైలు పెట్టె మీద ఎస్.ఇ. (ఆగ్నేయ రైల్వే) అన్న అక్షరాలు, తలుపు పక్కన మూడు నిలువు గీతలు ఉన్నాయి. కాబట్టి అది 1955 ఆగస్టు తరువాతిది, బహుశా 1974కు ముందుది. తాతగారు ఉద్యోగంలో చేరింది 1962లో అని ఆయన సర్వీసు కాగితాల్లో ఉంది గనుక ఆ పన్నెండేళ్లలోనిదే అయి ఉండాలి. వెనుక భాగం స్కాన్ చేస్తే, కంటికి కనబడని పెన్సిలు రాత ఒకటి తేలింది. పాతపట్నం అని ఉంది, దాని కింద మూడు ఇంటిపేర్లు ఉన్నాయి. వాటిలో ఒక ఇంటిపేరు గల కుటుంబం ఇప్పటికీ అక్కడ స్టేషను వీధిలోనే ఉందని మా అమ్మ చెప్పింది. ఫొటోను పెద్దది చేయించాను, ఆదివారం పొద్దున గుణుపూర్ ప్యాసింజరులో వెళుతున్నాను. స్టేషను మాస్టరు గారికి ముందుగా ఫోను చేసి చెప్పాను. వెళ్లి వచ్చాక వారు చెప్పినది ఇక్కడే రాస్తాను.