లైబ్రరీకి ఆన్‌లైన్‌లో ప్రశ్న పంపితే “వివరాలు చాలవు” అంటున్నారు, ఎలా రాయాలి?

ప్రశ్న (తెలుగు పీహెచ్‌డీ)
జానపద గేయాల మీద థీసిస్‌లు కావాలని యూనివర్సిటీ లైబ్రరీ చాట్‌లో అడిగితే ఇంకా వివరాలు కావాలన్నారు. దేశంలోని యూనివర్సిటీల థీసిస్‌లు ఉంచే శోధ్‌గంగ సైటులో తెలుగులో కొడితే పెద్దగా ఏమీ రావట్లేదు. క్యాంపస్‌లో ఊరికే తెరుచుకునే జర్నల్ ఇంట్లో డబ్బు కట్టమంటోంది. ఏం చేయాలి?

రిఫరెన్స్ డెస్క్
“జానపద గేయాలు” అంటే సముద్రమండీ. “1980–2010 మధ్య ఉస్మానియా, కాకతీయల్లో నాట్ల పాటలు, కలుపు పాటల మీద వచ్చిన పీహెచ్‌డీలు, శోధ్‌గంగలో ఫలానా మాటలతో వెతికాను, నెలాఖరుకు కావాలి” అని రాయండి. ఎక్కడ వెతికారో చెప్పకపోతే అవతలివాళ్లు మళ్లీ అక్కడే వెతుకుతారు. ఫలానా వ్యాసమే కావాలంటే డీఓఐ చాలు, అంటే ఆ వ్యాసానికి ఇచ్చిన, 10తో మొదలయ్యే గుర్తింపు నంబరు. చాట్ చిన్న సందేహాలకే. ఇలాంటివి ఈమెయిల్‌లో పంపండి.

కేటలాగర్
శోధ్‌గంగలో చాలా తెలుగు థీసిస్‌ల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు. ఒకరు ‘గేయాలు’కి జీ తర్వాత ఈ పెడితే, ఇంకొకరు ఏ పెడతారు. అందుకే పేరుతో కాకుండా యూనివర్సిటీ, తెలుగు విభాగం, గైడ్ పేరు పట్టుకుని వెళ్లండి. పీడీఎఫ్‌లో మాట వెతకడం కూడా చాలాసార్లు కుదరదు: కొన్ని స్కాన్ బొమ్మలు, కొన్ని ‘అను’ అనే పాతరకం తెలుగు ఫాంట్లలో కొట్టినవి. కాపీ చేస్తే పిచ్చి గుర్తులొస్తాయి. అధ్యాయాలు విడివిడి ఫైళ్లుగా ఉంటాయి. ముందు ఉపయుక్త గ్రంథసూచి ఫైలు తెరవండి, పాత థీసిస్‌ల పేర్లు అక్కడే దొరుకుతాయి. థీసిస్ సాఫ్ట్‌కాపీ ఇవ్వాలని యూజీసీ నిబంధన పెట్టింది 2009లో. అంతకుముందువి ఆ యూనివర్సిటీ స్కాన్ చేయించి ఎక్కిస్తేనే ఉంటాయి. లేదంటే అక్కడి లైబ్రరీకి రాసి, విషయసూచిక పేజీల నకలు అడగాలి.

ఈ-రిసోర్సెస్
జర్నల్ సైటు క్యాంపస్‌ని ఐపీ అడ్రస్‌తో, అంటే నెట్ కనెక్షన్ నంబరుతో గుర్తుపడుతుంది, ఇంటి నెట్‌ని గుర్తుపట్టదు. గూగుల్ నుంచి నేరుగా వెళ్లకండి. క్యాంపస్ బయటి నుంచి సంస్థ పేరుతో లాగిన్ అయ్యే ఇన్‌ఫెడ్‌లో మీ సంస్థ ఉంటే అందులో సంస్థ పేరు ఎంచుకుని, లాగిన్ అయి, అక్కడి లింకు నుంచి వెళ్లండి. అయినా తెరుచుకోకపోతే పైన అడ్రస్ బార్, టైము కనిపించేలా మొత్తం స్క్రీన్‌షాట్ పంపండి. ఎర్రర్ ముక్క ఒక్కటే కత్తిరించి పంపితే ఏమీ తేలదు. జర్నళ్లకు కేంద్ర ప్రభుత్వమే చందా కట్టే ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం 2025 జనవరి 1న మొదలైంది గానీ అది ప్రభుత్వ సంస్థలకే. ఇంకోటి, సాఫ్ట్‌వేర్ పెట్టి సంచికలకు సంచికలు దించొద్దు. పబ్లిషర్ క్యాంపస్ మొత్తానికి ఆపేస్తాడు.

ప్రశ్న అడిగినవారు
ఇన్‌ఫెడ్ ఐడీ ఎవరిస్తారండీ?

ఈ-రిసోర్సెస్
మీ లైబ్రరీయే. జీమెయిల్ నుంచి కాకుండా యూనివర్సిటీ ఈమెయిల్ నుంచి, ఐడీ కార్డు నంబరు రాసి అడగండి.